పిండం నుంచి పునరుత్పత్తి దాకా: జంతువుల ఎదుగుదలను అధ్యయనం చేయడం ఎలా?

కోడిగుడ్డును మూడు రోజులు పొదిగించి, పెంకుకు చిన్న కిటికీ కోసి లోపలికి చూస్తే పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటూ కనిపిస్తుంది. అప్పటికి కాళ్లూ రెక్కలూ చిన్న మొగ్గలు మాత్రమే. గుండె మాత్రం అప్పటికే పని మొదలుపెట్టేసింది. ఆ దృశ్యం చూసే చాలామంది ఈ శాస్త్రంలోకి వస్తారు. నేనూ అలాగే వచ్చాను.

వచ్చాక అర్థమైంది ఏమిటంటే, ఇందులో చూడటం తేలిక, చూసినదానికి అర్థం చెప్పడం కష్టం. పిండంలో ఏ కణాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఏ కణం సంతానం? తాను ఏమవ్వాలో ఎప్పుడు తేల్చుకుంది? ఎవరి మాట విని తేల్చుకుంది? కింద చెప్పే పద్ధతులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికి జవాబు రాబట్టేవే. ఏ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలియకపోతే ఎంత ఖరీదైన మైక్రోస్కోపు ఉన్నా లాభం లేదు.

ముందుగా ఒక మాట గురించి. పునరుత్పత్తి అనే పదాన్ని కొందరు పిల్లల్ని కనడానికి వాడతారు. పాఠ్యపుస్తకాల్లో దానికి ప్రత్యుత్పత్తి అనే మాట ఉంది. ఇక్కడ పునరుత్పత్తి అంటే పోయిన అవయవమో, శరీర భాగమో మళ్లీ పెరగడం.

ప్రశ్న ముందు, జంతువు తర్వాత

కొత్తవాళ్లు ముందు జంతువును ఎంచుకుని, దానితో ఏం చేయాలా అని తర్వాత వెతుకుతారు. ఈ వరసను తిరగేయండి.

కణాల వంశవృక్షం కావాలంటే సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగును మించింది లేదు. ఒళ్లంతా పారదర్శకం. పెద్దయిన ఉభయలింగి పురుగులో దేహకణాలు 959. ఫలదీకరణ నుంచి మొదలుపెట్టి ప్రతి కణం ఎక్కడి నుంచి వచ్చిందో జాన్ సల్‌స్టన్, ఆయన సహచరులు మైక్రోస్కోపు ముందు కూర్చుని, కంటితో చూస్తూ రాసుకుంటూ 1983 నాటికి పిండదశ చిట్టా కూడా పూర్తిచేశారు. ఎదుగుదలలో 131 కణాలు ప్రతి పురుగులోనూ అవే, అదే చోట చనిపోతాయని తేలింది ఆ చిట్టా వల్లే.

ఏ జన్యువు ఏం చేస్తుందో వెతకాలంటే డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు పదిరోజుల్లో ఈగ అవుతుంది. క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ఇద్దరూ 1980లో ఈ ఈగ లార్వా శరీర ఖండాల అమరికను మార్చే 15 జన్యుస్థానాలను బయటపెట్టారు. ఆ కృషికి 1995లో నోబెల్ వచ్చింది.

వెన్నెముక ఉన్న జంతువు బతికుండగానే లోపల జరిగేది చూడాలంటే జీబ్రాఫిష్. 28.5 డిగ్రీల నీటిలో ఒక రోజు గడిచేసరికి గుండె కొట్టుకుంటుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. కణజాలాన్ని కోసి వేరేచోట అంటు కట్టాలంటే కప్ప, కోడి పిండాలు చేతికి అనువుగా ఉంటాయి. పునరుత్పత్తికి ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు, హైడ్రా, ఆక్సొలాటిల్ అనే సలమాండర్. ఎలుక మన దేహానికి దగ్గరే, కానీ పిండం తల్లి గర్భంలో ఉంటుంది కాబట్టి అది మొదటి మెట్టు కాదు.

నన్నడిగితే మొదటి ఏడాదికి కోడిగుడ్డు, ప్లనేరియా చాలు. ఒకటి కొత్తగా కట్టుకోవడాన్ని చూపిస్తుంది, రెండోది విరిగినదాన్ని తిరిగి కట్టుకోవడాన్ని.

గడియారాన్ని నమ్మొద్దు, దశను నమ్మండి

ఒకేసారి ఇంక్యుబేటర్‌లో పెట్టిన పన్నెండు గుడ్లు 48 గంటల తర్వాత తెరిస్తే పన్నెండూ ఒకేలా ఉండవు. గుడ్డు పెట్టకముందు కోడి కడుపులో ఎంతసేపు ఉంది, పెట్టాక ఎన్నాళ్లు చల్లగా నిల్వ ఉంది, ఇంక్యుబేటర్‌లో ఏ మూల ఉంది అన్నవన్నీ తేడా తెస్తాయి. అందుకే విక్టర్ హాంబర్గర్, హోవార్డ్ హామిల్టన్ 1951లో కోడిపిండం ఎదుగుదలను గంటలతో కాకుండా రూపంతో 46 దశలుగా విభజించారు. ఇప్పటికీ అందరం వాడేది దాన్నే.

ఆ పట్టికలో మొదట పట్టుకోవలసింది సోమైట్ల లెక్క. నాడీ నాళానికి, అంటే తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టానికి, అటూఇటూ జతలుగా వరసకట్టే మధ్యత్వచపు (పిండం మూడు పొరల్లో నడిమిది) గడ్డలే సోమైట్లు. వెన్నుపూసలు, వెన్ను కండరాలు వాటి నుంచే వస్తాయి. ఏడో దశలో ఒక జత, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో ఏడు, పదిలో పది. పద్నాలుగో దశ దాకా ఇలా దశకు మూడేసి పెరుగుతాయి. కోడిలో ఒక జత ఏర్పడటానికి సుమారు 90 నిమిషాలు పడితే, జీబ్రాఫిష్‌లో సుమారు 30 నిమిషాలు. నోటుపుస్తకంలో "48 గంటల పిండం" అని మాత్రమే రాస్తే ఆర్నెల్ల తర్వాత అది మీకే పనికిరాదు. "పన్నెండో దశ, 16 జతలు, 37.5 డిగ్రీలు, 47 గంటలు" అని రాయండి.

ఇంకో అలవాటు: బొమ్మ గీయండి. ఫోన్ కెమెరా ఉండగా ఎందుకని అడుగుతారు. ఫొటో తీసేటప్పుడు కన్ను ఆగదు. గీయాలంటే ఈ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తేల్చుకోక తప్పదు. మూడు వారాలు కేవలం మామూలు పిండాలనే గీయండి, వేటినీ ముట్టుకోకండి. మామూలు పిండాల మధ్యే ఎంత తేడా ఉంటుందో తెలియనివాళ్లకు ప్రతి వంకరా తమ ప్రయోగ ఫలితంలాగే కనిపిస్తుంది.

గుడ్డుకు కిటికీ కోయడం

ఫలదీకరణ జరిగిన గుడ్లే కావాలి. తినడానికి అమ్మే గుడ్లు చాలావరకు ఫలదీకరణ జరగనివి, వాటిని ఎంత పొదిగినా పిండం రాదు. తెచ్చిన గుడ్లను 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంచితే ఎదుగుదల ఆగి ఉంటుంది. వారం లోపల వాడేయండి, ఆ తర్వాత బతికే పిండాల సంఖ్య పడిపోతుంది.

పొదిగేటప్పుడు 37.5 నుంచి 38 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం దరిదాపుల్లో ఉండాలి. గుడ్డును అడ్డంగా పడుకోబెట్టి, పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పిండం ఉన్న వైపు తేలికగా ఉంటుంది కాబట్టి సొన తిరిగి అది గుర్తు కిందికే వస్తుంది. నిలబెట్టి పొదిగితే కిటికీ కోశాక పిండం ఎక్కడుందో వెతుక్కోవాలి.

రెండో రోజు చివర గుడ్డు బయటికి తీసి, పెంకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. మొద్దు కొన దగ్గర సూదిని కిందికి వాలుగా దించి, సిరంజితో మూడు నాలుగు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేయండి. ఈ మెట్టు దాటేయకండి. తెల్లసొన తగ్గితేనే పిండం పెంకుకు దూరంగా కిందికి దిగుతుంది, లేకపోతే కిటికీతో పాటు రక్తనాళాలూ తెగుతాయి. ఆ రంధ్రాన్ని, గుర్తు ఉన్న పైభాగాన్ని టేపుతో కప్పండి. ఆ టేపు మీదుగానే చిన్న వంపు కత్తెరతో రూపాయి బిళ్లంత వృత్తం కోయండి. టేపు ఉంటే పెంకు ముక్కలు లోపల రాలవు.

మొదట ఏమీ కనిపించకపోవచ్చు. పసుపు మీద పారదర్శకమైన పిండం కలిసిపోతుంది. పలుచన చేసిన నల్ల ఇండియా ఇంకును సన్నటి సూదితో పిండం కింద, సొన పొరలోపలికి కొద్దిగా ఎక్కిస్తే నల్లటి తెర మీద తెల్లటి పిండం తేలుతుంది. నేను మొదటిసారి ఆ సూదిని పక్క నుంచి కాకుండా పైనుంచి గుచ్చి, వరసగా నాలుగు పిండాలను పోగొట్టాను. రక్తనాళాల వలయానికి బయటినుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు సూదిని పోనివ్వాలి.

పిండాన్ని బయటికి తీసి చూడాలంటే వడపోత కాగితాన్ని మధ్యలో రంధ్రం ఉన్న ఉంగరంలా కత్తిరించి, పిండం రంధ్రంలోకి వచ్చేలా సొన పొర మీద పరచండి. కాగితం అంటుకున్నాక దాని చుట్టూ పొరను కోసి, కాగితం అంచు పట్టుకుని ఎత్తితే పిండం ముడతపడకుండా వస్తుంది. వెచ్చటి రింగర్ సెలైన్‌లో (ఒంటి ద్రవాలకు సరిపడే ఉప్పునీటిలో) కడిగి చూడండి.

మొదలుపెట్టకముందే ఏ రోజున ఆపుతారో నిర్ణయించుకోండి. పిండం ముదిరేకొద్దీ బాధ తెలిసే అవకాశం పెరుగుతుంది. సంస్థలో చేస్తుంటే జంతు నైతికత కమిటీ అనుమతి తీసుకోండి. ఇంట్లో నేర్చుకుంటుంటే నాలుగైదు రోజులు దాటనివ్వకండి. నియమం ఉందా లేదా అన్నది పక్కనపెట్టినా, మన చేతిలో ఉన్నది ప్రాణమన్న ఎరుక పోకూడదు.

తీసేయడం, విడదీయడం, మార్చి నాటడం

చూడటం అలవాటయ్యాక ప్రయోగం. కత్తితో చేసే ప్రయోగాలన్నీ మూడు రకాలే. ఒక భాగాన్ని తీసేస్తే ఏం తక్కువవుతుందో చూడటం, ఆ భాగాన్ని ఒంటరిగా పెంచితే ఏమవుతుందో చూడటం, దాన్ని మరోచోట నాటితే ఎవరి మాట వింటుందో చూడటం. వీటి మధ్య తేడా ఎంత పెద్దదో ఒక పాత కథ చెబుతుంది.

విల్‌హెల్మ్ రూ 1888లో కప్ప పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒకదాన్ని కాల్చిన సూదితో చంపాడు. మిగిలిన కణం సగం పిండంగానే ఎదిగింది. కాబట్టి ఏ కణం ఏమవ్వాలో మొదటి విభజనతోనే పంపకం అయిపోతుందని ఆయన తేల్చాడు. 1891లో హాన్స్ డ్రీష్ సముద్రపు అర్చిన్ అనే ముళ్ల జీవి పిండం రెండు కణాల దశలో ఉన్నప్పుడు వాటిని కుదిపి విడదీశాడు. ఒక్కొక్కటీ చిన్నదే అయినా పూర్తి లార్వా అయింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? జంతువులు వేరు కాబట్టి ఇద్దరిదీ ఒప్పే అనుకోవచ్చు. కానీ 1910లో మెక్లెండన్ కప్ప పిండంలోనే రెండు కణాల్లో ఒకదాన్ని పూర్తిగా పీల్చి తీసేస్తే, మిగిలినది పూర్తి పిండంగా ఎదిగింది. రూ ప్రయోగంలో చచ్చిన కణం పక్కనే అంటుకుని ఉంది. బతికిన కణానికి తన పక్కన జోడు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

చంపడం వేరు, తీసేయడం వేరు. మీరు ఏ భాగాన్ని దెబ్బతీసినా, ఆ దెబ్బ చుట్టుపక్కల కణాలకు ఏం చెబుతుందో అడగండి. అదే చోట ఉత్తుత్తి కోత పెట్టి ఏమీ తీయకుండా మూసిన పిండాలు కొన్ని, అసలు ముట్టుకోనివి కొన్ని పక్కన ఉంచుకోకుండా ఏ కోతా మొదలుపెట్టకండి.

ఇక కణం ఎప్పుడు తేల్చుకుంటుంది అన్న ప్రశ్న. పిండంలో ఏ చోటు ఏమవుతుందో గీసిన పటాలు ఉన్నాయి. వాటిని తలరాతల్లా చదవడం పొరపాటు. పటం చెప్పేది కదపకుండా వదిలేస్తే ఏం జరుగుతుందన్నది మాత్రమే. హాన్స్ స్పేమన్ న్యూట్ (ఒక రకం సలమాండర్) పిండంలో మెదడు కావలసిన కణజాలాన్ని చర్మం కావలసిన చోట నాటాడు. కణాలు లోపలికి ముడుచుకుని పొరలుగా ఏర్పడే గాస్ట్రులా దశ మొదట్లో నాటితే అది బుద్ధిగా చర్మమైంది. దశ చివర నాటితే చర్మం మధ్యలో నాడీ కణజాలమే అయింది. పటంలో రెండుసార్లూ దాని రాత ఒకటే. మధ్యలో కొద్ది గంటల్లో అది తేల్చేసుకుంది.

మూడో ప్రశ్నకు జవాబిచ్చిన ప్రయోగం ఆయన విద్యార్థిని హిల్డె మాంగోల్డ్‌ది. గాస్ట్రులాలో కణాలు లోపలికి ముడుచుకునే చోట పైపెదవి భాగాన్ని తీసి, మరో పిండం పొట్టవైపు నాటింది. అక్కడ రెండో వెన్ను, రెండో నాడీ నాళం లేచాయి. దాత పిండం లేత రంగు జాతిది, గ్రహీత ముదురు రంగు జాతిది. అందువల్లే రెండో పిండంలో ఎక్కువభాగం గ్రహీత కణాలతోనే తయారైందని, నాటిన ముక్క వాటిని పురమాయించిందని నిరూపించగలిగారు. ఆ వ్యాసం 1924లో వచ్చింది. అదే ఏడాది ఆమె కాలినగాయాలతో 26వ ఏట చనిపోయింది. 1935లో నోబెల్ స్పేమన్ ఒక్కడికే దక్కింది. ఈ ప్రయోగం చెప్పేటప్పుడు ఆమె పేరు ముందు చెప్పడం నా అలవాటు.

ఆ రంగు తేడా లేకపోతే ప్రయోగం మొత్తం వృథా అయ్యేది. అంటు కట్టే ముందు ఏవి ఎవరి కణాలో ఎలా గుర్తుపడతారో తేల్చుకోండి. తర్వాతి కాలంలో నికోల్ లె దువారాఁ కంజు పిట్ట (క్వెయిల్) కణాలను కోడిపిండంలో నాటింది. కంజు కణాల కేంద్రకాలు రంగు వేస్తే వేరుగా కనిపిస్తాయి. ఇప్పుడు మెరిసే ప్రోటీన్లు వచ్చాయి. సాధనాలు మారినా అవసరం మారలేదు.

జన్యువు దగ్గర మూడు మెట్లు

ఒక జన్యువు ఎక్కడ పనిచేస్తోందో ఇన్ సిటు హైబ్రిడైజేషన్, అంటే ఆ జన్యువు నుంచి తయారైన ఆర్ఎన్ఏను ఉన్నచోటే రంగుతో పట్టిచ్చే పద్ధతి, చూపిస్తుంది. అందమైన ఊదారంగు మచ్చ వస్తుంది, దాన్ని చూసి కారణం దొరికిపోయిందనుకుంటారు. మచ్చ చెప్పేది ఆ జన్యువు అక్కడ పనిచేస్తోందని మాత్రమే. అది అవసరమో కాదో తెలియాలంటే క్రిస్పర్‌తోనో (జన్యువునే కోసి చెడగొట్టి), ఆర్ఎన్ఏ జోక్యంతోనో (దాని ఆర్ఎన్ఏను నాశనం చేసి) దాన్ని ఆపి చూడాలి. అదొక్కటే సరిపోతుందో లేదో తెలియాలంటే లేనిచోట దాన్ని నడిపించి చూడాలి. వాల్టర్ గేరింగ్ బృందం 1995లో ఐలెస్ అనే జన్యువును ఈగ కాళ్లమీద, రెక్కలమీద పనిచేయిస్తే అక్కడ కళ్లు మొలిచాయి. ఎలుకలో దానికి జోడైన పాక్స్6 జన్యువును తెచ్చి ఈగలో పెట్టినా ఈగ కన్నే వచ్చింది. అక్కడ పనిచేస్తోందా, అవసరమా, సరిపోతుందా అన్న మూడు మెట్లూ ఎక్కాకే "ఈ జన్యువు కంటిని పుట్టిస్తుంది" అని రాయండి.

ప్లనేరియాను కోసి చూడటం

పునరుత్పత్తిని కళ్లారా చూడటానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. శుభ్రమైన చెరువుల్లో, సెలయేళ్లలో రాళ్ల అడుగున ఈ బల్లపరుపు పురుగులు ఉంటాయి. ప్రయోగశాలలకు సరఫరా చేసే చోట్లా దొరుకుతాయి. క్లోరిన్ లేని నీరు, 20 డిగ్రీల దరిదాపు వేడి, చీకటి ఉంటే చాలు. గిన్నెను ఎప్పుడూ సబ్బుతో కడగొద్దు. వారానికోసారి చిన్న కాలేయం ముక్క వేసి, గంటా రెండు గంటల తర్వాత మిగిలింది తీసేసి నీరు మార్చండి. కుళ్లిన తిండి వీటిని చంపినంతగా కత్తి చంపదు.

కోతకు ముందు వారం రోజులు తిండి ఆపండి. కడుపు నిండిన పురుగును కోస్తే లోపలిది బయటికొచ్చి నీరు పాడవుతుంది, గాయాలూ చెడిపోతాయి. ఐసు మీద తడి వడపోత కాగితం పరిచి పురుగును దానిమీద ఉంచితే చలికి కదలిక తగ్గుతుంది. అది ఒళ్లు సాచినప్పుడు కొత్త బ్లేడుతో ఒక్క వేటుగా కోయండి, రంపంలా లాగొద్దు. కళ్ల వెనక ఒక కోత, గొట్టంలాంటి నోటిభాగం వెనక ఒక కోత. తల, నడుము, తోక, మూడు ముక్కలు. గుంటలున్న పళ్లెంలో ఒక్కో ముక్కను వేరే గుంటలో ఉంచి రోజూ అదే సమయానికి చూడండి.

గాయం గంటలోపే ముడుచుకుని మూసుకుంటుంది. రెండు మూడు రోజులకు కోతచోట రంగులేని తెల్లటి మొగ్గ వస్తుంది. దాని పేరు బ్లాస్టీమా. నాలుగైదు రోజులకు తలలేని ముక్కల మీద రెండు సన్నటి కంటిచుక్కలు తేలతాయి. రెండు వారాలకు అన్ని ముక్కలూ పురుగులవుతాయి, చిన్నవే కానీ పూర్తి పురుగులు. తలముక్కను జాగ్రత్తగా చూడండి. అది తోకను పెంచుకోవడమే కాదు, ఉన్న తలనూ కొత్త ఒంటికి తగ్గట్టు చిన్నది చేసుకుంటుంది. కొత్త నోటిగొట్టం వచ్చేదాకా తిండి పెట్టొద్దు.

లెక్కలో ఒక మెలిక ఉంది. పది పురుగుల్ని మూడేసి ముక్కలు చేస్తే మీ దగ్గరున్నవి పది నమూనాలే, ముప్పై కాదు. ఒకే పురుగు ముక్కలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. గుంటల మీద ఏ ముక్కో రాయకుండా అంకెలు మాత్రమే వేసి, ఆ చిట్టా మరొకరి దగ్గర ఉంచి, కంటిచుక్కలు వచ్చాయో లేదో అప్పుడు నమోదు చేయండి. చూడాలనుకున్నదే కన్ను చూస్తుంది.

ఇంత శక్తి ఎక్కడిది? పెద్ద ప్లనేరియాలో విభజన చెందే దేహకణాలు నియోబ్లాస్టులు మాత్రమే. రేడియేషన్‌తో వాటిని చంపితే మొగ్గ రాదు, పురుగు చనిపోతుంది. అలా రేడియేషన్ పెట్టిన పురుగులో ఒక్క నియోబ్లాస్టును నాటితే అది మొత్తం శరీరాన్ని తిరిగి నింపగలదని 2011లో తేలింది. ఆక్సొలాటిల్ కాలు తెగినచోట వచ్చే మొగ్గా చూడటానికి ఇలాగే ఉంటుంది, ఏ ఆనవాలూ లేని కణాల ముద్దలా. కానీ కణాలకు మెరిసే గుర్తు పెట్టి చూస్తే, అక్కడ కండరం నుంచి వచ్చిన కణాలు కండరమే అయ్యాయి, మృదులాస్థి కాలేదు. 2009లో వచ్చిన ఈ ఫలితం మొదటి ప్రశ్నను ఎందుకు మరవకూడదో చెబుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు మొగ్గలు, లోపల రెండు వేర్వేరు వంశచరిత్రలు.

తల రావాలా తోక రావాలా అన్నది ప్లనేరియాలో బీటా-కాటెనిన్ అనే ప్రోటీన్ ద్వారా నడిచే సంకేతం చెబుతుంది. 2008లో దాన్ని అణచి చూస్తే తోక రావలసిన కోతచోట తల వచ్చింది. అన్ని జాతులూ ఒకేలా పునరుత్పత్తి చేసుకోవు కూడా. డెండ్రోసీలమ్ లాక్టియమ్ అనే తెల్లటి జాతిలో వెనకవైపు కోస్తే తోకముక్కకు తల రాదు. 2013లో అదే సంకేతాన్ని అణచినప్పుడు ఆ ముక్కలకూ తల మొలిచింది. దానికి తల కట్టే కణాలు ఉన్నాయి, తోకగానే ఉండమనే మాట మరీ గట్టిగా వినిపిస్తోంది, అంతే.

అందుకే మీ గుంటల్లో ఏదో ఒక ముక్క మొలవకపోతే పారేయకండి. అది ఏ జాతిది, ఒంటి పొడవులో ఎన్నో వంతు దగ్గర కోశారు, ఎన్నాళ్లు ఉపవాసం ఉంది, నీటి వేడి ఎంత, గాయం మూసుకుందా లేదా అన్నవి రాసుకోండి. తర్వాత మరో పది పురుగుల్ని తీసుకుని, కోతను మిల్లీమీటరు ముందుకు జరిపి మళ్లీ కోయండి.